బయటి నుంచి వచ్చేవాడు

రేసుల్లో స్టాక్ కార్ నడిపేవాడికి పక్కన ఏముందో కనపడదు. తలకి రెండువైపులా సీటు రెక్కలు, మెడకి పట్టీలు. ముందుకి చూడ్డమే తప్ప తల తిప్పే వీలుండదు. అందుకని స్టేడియం పైకప్పు మీద ఒకరు నిలబడి రేడియోలో చెబుతూ ఉండాలి. “లోపల ఉన్నాడు... ఇంకా ఉన్నాడు... పోయాడు, ఖాళీ.” అలా చెప్పేవాళ్లని స్పాటర్ అంటారు. లోపలంటే ట్రాక్ లోపలి అంచు వైపు, బయటంటే గోడ వైపు. మా లాండిస్‌కి స్పాటర్ని నేనే. నా పేరు నడీన్. లాండిస్ సిగ్మన్ మా పిన్ని ఒలీటా కొడుకు. వాడికి గడ్డం రాకముందు నుంచీ వాడి చెవిలో నా గొంతే.

మాది నార్త్ కరోలినాలో కటావ్బా లోయ. సోఫాల ఫ్యాక్టరీ, చర్చి, రేస్ ట్రాక్. మనిషి ఈ మూడింట్లో ఎక్కడా దొరకలేదంటే ఊళ్లో లేడని లెక్క. లాండిస్ రేకుల షాపులో పనిచేస్తూ శనివారాలు రేసులాడేవాడు. ముప్పై దాటాక ఒక టీమ్ వాళ్లు జీతమిచ్చి పెట్టుకుంటే అదే వాడి వృత్తయింది.

థీరన్ సోఫా ఫ్యాక్టరీలో కుట్టుపనివాడు. కొత్త కారు సీటుకి మెత్త కుట్టాలని పిలిపించారు. ఒక్క మెత్తకి అన్నిసార్లు కొలతలు తీసుకోవడం నేనెక్కడా చూళ్లేదు. ఆ మాటే పిన్నితో అంటే, “నీకిప్పుడు తెలిసిందా?” అంది గిన్నెలు తోముతూ.

లాండిస్, థీరన్ కోర్టులో పెళ్లి చేసుకున్నారు. వెళ్లింది నేనూ పిన్నీ. ఆ తర్వాత కొన్నేళ్లు ట్రాక్ దగ్గర అందరికీ తెలుసు, ఎవరూ అనరు. థీరన్ ‘స్నేహితుడు’గా వచ్చి, స్టాండ్స్‌లో పిన్ని పక్కన కూర్చుని, రేసయ్యాక వెళ్లిపోయేవాడు. గెలిచిన రోజు మిగతావాళ్ల పెళ్లాలు పరిగెత్తుకొచ్చి ఫొటోలు దిగేవాళ్లు. లాండిస్ ఒక్కడే కప్పు పట్టుకుని నిలబడేవాడు.

ఒక వసంతంలో, రేసు మధ్యలో కారు ఆగే పిట్‌లో టైర్లు మార్చే కుర్రాడు పని మానేశాడు. ఆ పని నేను చేస్తానన్నాడు థీరన్. ఆ వారం రేసుకి ముందు డ్రైవర్ల మీటింగ్ జరిగింది. ప్రార్థన అయింది, రూల్సు చదివారు, “ఇంకేమన్నా ఉందా?” అన్నారు.

లాండిస్ లేచాడు. వాడేం చెప్పబోతున్నాడో నాకు కూడా తెలీదు.

“ఇవాళ్టి నుంచి థీరన్ మా పిట్‌లో టైర్లు మారుస్తాడు. మీకందరికీ తెలిసినవాడే. వాణ్ణి ఇన్నాళ్లూ స్నేహితుడన్నాను, మీరూ పోనీలే అని నమ్మినట్టున్నారు. వాడు నా మొగుడు. నేను గేని. ఎవరికన్నా ఏమన్నా అనాలనుంటే ఇప్పుడే, ఇక్కడే అనండి. ట్రాక్ మీద కారుతో అనొద్దు. అక్కడ ప్రాణాలు పోతాయి.”

అందరికన్నా పెద్దవాడు గ్రేడీ, మోకాళ్లు అరిగిపోయినా నడుపుతూనే ఉన్న మనిషి, వెనక బెంచీ నుంచి అడిగాడు.

“అతనికి టైర్లు మార్చడం వచ్చా?”

“రాదు. చాలా ఘోరంగా మారుస్తాడు.”

“అయితే నాకే అభ్యంతరమూ లేదు. దేవుడు మీ ఇద్దర్నీ చల్లగా చూడాలి.”

గది గొల్లుమంది. అందరూ మాత్రం నవ్వలేదు. బ్రాంట్లీ క్రౌస్ అని ఒక కుర్ర డ్రైవర్, తాతల నాటి నుంచీ రేసుల కుటుంబం వాడిది. కుర్చీ కాలితో తన్ని బయటికెళ్లాడు.

సాయంత్రానికి సంగతి స్టాండ్స్ దాకా పాకింది. మైకులో లాండిస్ పేరు చదవగానే మొదలైంది గోల. వాడి పేరుకి అలాంటి కూతలు అంతకుముందెప్పుడూ లేవు. పిన్ని తన చోటులోంచి లేచి వెనక్కి తిరిగింది. చర్చికి వేసుకెళ్లే గౌను, చేతిలో ఉడకబెట్టిన వేరుశెనగల పొట్లం.

“వాడు నా కొడుకు,” అంది. “అరవాలనుంటే గొంతు చించుకుని అరవండి. ఆ ఇంజన్ల మోతలో వాడికి వినపడొద్దూ?”

కూర్చుని వేరుశెనగలు ఒలుచుకుంది.

జూన్‌లో బ్రాంట్లీ వెనకనుంచి కారుతో గుద్ది లాండిస్‌ని గోడకి కొట్టాడు. పక్కటెముకలు కమిలిపోయాయి. అడిగితే “చెయ్యి జారింది” అన్నాడు. తర్వాతి వారం మా ట్రక్కు తలుపుకి ఎవరో గులాబీరంగు వంటింటి ఏప్రాన్ కట్టిపోయారు. థీరన్ దాన్ని విప్పి, తిరగేసి, వెలుతురుకి పట్టి చూశాడు.

“అంచు మడవకుండానే కుట్టేశారు!” అన్నాడు పిట్‌లో అందరికీ వినపడేట్టు. “ఎవరు కుట్టారోగానీ నా దగ్గరికి పంపండి, నేర్పిస్తా.”

ఆ వేసవంతా అది కట్టుకునే టైర్లు మార్చాడు.

సెప్టెంబర్‌లో మా సొంత ట్రాక్ మీదే పెద్ద రేసు. ఎండ చల్లబడేసరికి బ్రాంట్లీ మొదటి స్థానంలో, మావాడు వాడి తోక పట్టుకుని రెండో స్థానంలో. ఇంకా పది చుట్లున్నాయి. పైకప్పు మీద నా పక్కనే బ్రాంట్లీ స్పాటర్ ఆర్లిస్. ఏళ్ల తరబడి భుజం భుజం రాసుకుని నిలబడుతున్నా నాతో నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు.

“లాండిస్, వాడి వెనక చక్రాలు జారుతున్నాయి,” అన్నాను. “మలుపులో చిన్న తోపు తోశావంటే గోడకి అతుక్కుంటాడు. జూన్ బాకీ తీరిపోతుంది.”

“వద్దక్కా.”

“ఎందుకురా వద్దు? ఊరు ఊరంతా దానికోసమే కాచుకుని ఉంది.”

“అందుకే. తోసి గెలిస్తే రేపు అందరూ తోపు గురించే మాట్లాడతారు. బయటి వైపు నుంచి వెళ్తా.”

“పిచ్చా నీకు? ఈ ట్రాక్ మీద బయటి నుంచి దాటినవాడెవడు? గోడ పక్కన చక్రాలకి పట్టే దొరకదు!”

“నువ్వు చెబుతూ ఉండు, చాలు.”

ఎక్కాడు గోడ పక్కకి. మొదటి మలుపులో కారు జారింది. నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు కార్లూ తలుపుకి తలుపు పెట్టుకుని తిరగడం మొదలెట్టాయి. గోడకీ మావాడికీ మధ్య బెత్తెడు సందు. “లోపల ఉన్నాడు... లోపల ఉన్నాడు...” నా నోట ఇంకో మాట లేదు. స్టాండ్స్ మొత్తం లేచి నిలబడింది. ఎవరు ఎవరికోసం అరుస్తున్నారో దేవుడికే తెలియాలి.

బ్రాంట్లీ చక్రం ఒక్క పిసరు బయటికి తిప్పితే అయిపోయేది. అప్పుడు విన్నాను, నా పక్కన ఆర్లిస్ రేడియోలో అంటున్నాడు.

“బయట ఉన్నాడు. ముట్టుకోకు. అతను శుభ్రంగా పోతున్నాడు, నువ్వూ శుభ్రంగా పో. తాకావంటే ఈ రేడియో ఇక్కడే పడేసి ఇంటికెళ్లిపోతా.”

తాకలేదు. ఆఖరి మలుపులోంచి మావాడి కారు ముక్కు ముందుకొచ్చింది. జెండా దగ్గర అర బానెట్ తేడా.

నేను మెట్లు దిగి వెళ్లేసరికి పిన్ని నాకన్నా ముందే చేరింది. థీరన్ ఏప్రాన్‌తో, మొహమంతా బ్రేకుల మసితో, ఎప్పట్లాగే నలుగురి వెనక్కి తప్పుకున్నాడు. లాండిస్ కారు కిటికీలోంచి బయటికొచ్చి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, థీరన్ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దుపెట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ ఒక్క క్షణం తటపటాయించాడు.

“ఏం బాబూ, కెమెరా పాడైందా?” అంది పిన్ని.

క్లిక్‌మంది.

కూతలు లేచాయి. వాటి మీదుగా చప్పట్లు లేచాయి. అనౌన్సర్ మైకు అందించి, ఎవరికి థాంక్స్ చెబుతావన్నాడు. అమ్మకి, అక్కకి, టీముకి, “టైర్లు ఘోరంగా మార్చే నా మొగుడికి” చెప్పాడు లాండిస్. తర్వాత స్టాండ్స్ వైపు తిరిగాడు. “గోల చేస్తున్నవాళ్లకి కూడా. పదిహేనో స్థానంలో వచ్చేవాడి మీద ఎవరూ అరవరు!”

అందరూ సర్దుకుంటుంటే బ్రాంట్లీ వచ్చాడు. థీరన్ వంక చూళ్లేదు. లాండిస్‌కి మాత్రం చెయ్యి అందించాడు.

“అక్కడ పట్టు దొరుకుతుందని నీకెలా తెలుసు?”

“తెలీదు. వెళ్లాకే తెలిసింది,” అన్నాడు లాండిస్.

ఇది జరిగి ఏళ్లయింది. బ్రాంట్లీ ఇప్పటికీ థీరన్‌తో మాట్లాడడు. చర్చిలో పిన్ని బెంచీ నుంచి ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు, తిరిగి రాలేదు. “కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది,” అంటుంది పిన్ని, కానీ వాళ్లలో ఒకామె చిన్నప్పటి స్నేహితురాలని నాకు తెలుసు. లాండిస్ గెలుస్తూనే ఉన్నాడు, ఓడుతూనే ఉన్నాడు. పేరు చదివినప్పుడు కూతలు మానలేదు. వాటితోపాటు పేరు పెట్టి పిలిచే గొంతులూ పెరిగాయి.

మొన్న పైకప్పు మీదికి కొత్త స్పాటర్ వచ్చాడు. కింద గోల విని ఆర్లిస్‌ని అడిగాడు. “ఎవరండీ ఆ నీలం కారు? అంత గొడవ చేస్తున్నారు?”

ఏమంటాడా అని చెవులు రిక్కించాను.

“సిగ్మన్,” అన్నాడు ఆర్లిస్. “మీవాడికి చెప్పు, జాగ్రత్తగా ఉండమని. అతను బయటి నుంచి వస్తాడు.”

విననట్టే నిలబడ్డాను. పచ్చజెండా ఊపారు. బటన్ నొక్కి, “పోనియ్‌రా,” అన్నాను.