ఎవరూ అడగని పుస్తకాల అర

ఈ ఉదయం ఒమాన్‌లో, అజైబాలోని మా కాలేజీ లైబ్రరీకి ఒక శిక్షకుడు వచ్చి, ఉద్యోగుల్లో ఉత్సాహం నింపడం ఎలాగో తెరమీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. ఏసీ చల్లదనానికి నాకు కునుకు ముంచుకొచ్చింది గానీ, మనసు మా లైబ్రరీ పాత పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ ఒమానీ. ఆవిడ గది తలుపు తీస్తే సాంబ్రాణి, ఏలకుల కాఫీ వాసనలు కలిసి ఎదురొచ్చేవి. ఉత్సాహం అన్న మాట మాత్రం ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

అప్పట్లో నా కింద పుస్తకాలు సర్దే పనిలో ఒక జగిత్యాల తమ్ముడు ఉండేవాడు. తమ్ముడంటే ఇద్దరు పిల్లల తండ్రి. విద్యార్థులు బల్లలమీద వదిలేసినవి అరల్లో పెట్టడం, మర్నాడు మళ్ళీ అవే పెట్టడం అతని డ్యూటీ. ఒకరోజు విసిగిపోయి, "అక్కా, నేను దుక్మ్ పోత. ఆడ కొత్త పట్నం కడ్తున్నరట. సైట్ల పనిజేస్తె పొద్దుమీకేసరికి గోడన్న కానత్తది. ఈడ ఏం కానత్తది?" అన్నాడు. అతను పోతే నాకు కుడిభుజం పోయినట్టే. దిగులు ఆపుకోలేక మేడమ్‌కు చెప్పేశాను.

ఆవిడ అతన్ని పిలిచి స్వయంగా కాఫీ పోశారు. ఇక చాలనుకుంటే చిట్టి కప్పును అటూ ఇటూ ఊపాలి. అది ఇక్కడి పద్ధతి. మనవాడికి తెలియదు. ఆవిడ పోస్తూనే ఉన్నారు, ఇతను మర్యాదకు తాగుతూనే ఉన్నాడు. ఆ కాఫీల మధ్య, వచ్చీరాని హిందీలో కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాడు. విని ఆవిడ, గుమ్మం ఎదుటి అర ఇకనుంచి నీది, ఏం పెడతావో నీ ఇష్టం అన్నారు. నెలాఖరుదాకా చూస్తాను, ఆ తర్వాత దుక్మే అన్నాడతను.

కొత్తగా వచ్చిన నిగనిగలాడే పుస్తకాలు పెడతాడనుకున్నాను. ఎవరూ ఎన్నడూ తీసుకోని, అట్టలు వెలిసినవి తెచ్చి పెట్టాడు! "అచ్చినప్పటికెల్లి ఈన్నే ఉన్నయక్కా. ఒక్కపారన్న బయటికి పోయి రానీ," అన్నాడు. నేను తల పట్టుకున్నాను. రోజులు గడుస్తున్నా ఒక్కటీ కదల్లేదు. బేరాల్లేని దుకాణదారులా రోజూ వాటి దుమ్ము తుడిచే అతని మొహం చూడలేకపోయేదాన్ని.

నెలాఖరు దగ్గర పడ్డాక, కొండ ఊళ్ళనుంచి వచ్చిన ఒక విద్యార్థిని తేనెటీగల పెంపకం పుస్తకం తీసుకెళ్ళింది. వాళ్ళ తాతకు తేనెపెట్టెలున్నాయట. అది తిరిగొచ్చినప్పుడు అట్టంతా జిగురు. నియమం ప్రకారం జరిమానా వేయాలి. తమ్ముడు తడిగుడ్డతో తుడుస్తూ, వాసన చూసి, నిశ్శబ్దంగా ఉండాల్సిన హాల్లో "అక్కా, పనికచ్చింది!" అని కేకపెట్టాడు. అందరి తలలూ తిరిగాయి. మేడమ్ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు.

తమ్ముడు దుక్మ్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇక్కడ రోజులన్నీ ఒకేలా ఉంటాయని నేనూ అనుకునేదాన్ని. ఆ పుస్తకం తేనె అంటించుకుని వచ్చాక, రేపటికోసం ఎదురుచూడడం నాకూ అలవాటైంది.