బావా, గోబర్‌గ్యాస్ పొయ్యీ

మా బావ మొగులయ్య దేన్నీ నమ్మడు. పంచాంగంలో అమావాస్య అని ఉంటే, బయటికి వెళ్లి ఆకాశం చూసొచ్చేవాడు. బస్సెక్కే ముందు డ్రైవరును "తొవ్వ ఎరికేనా?" అని అడిగేవాడు.

డెబ్బైలలో పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేచినకొద్దీ, పక్కన మా వెలిమెలలో కరెంటు పోతూ వచ్చింది. అప్పుడే ఒక ఆఫీసరు వచ్చి, పెండతో గ్యాస్ చేసుకుంటే వంటా అవుతుంది, దీపమూ వెలుగుతుంది అన్నాడు.

"పెండ మాది, జాగ మాది. మరి నీకేం లాభం సారూ?" అన్నాడు బావ.

"నాకేం లాభం లేదయ్యా."

"లాభం లేనోడు గింత ఎండల ఎందుకొస్తడు?"

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. "పైపులు నేను బిగిస్త బావా" అన్నాను.

"గిప్పుడు ఇంకింత భయమైతుంది" అన్నాడు బావ. అయినా ఒప్పుకున్నాడు.

గుంత తవ్వి, ఇటుకలు కట్టి, పెండనీళ్లు పోసి, మీద పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లించాం. కొన్నాళ్లకు గ్యాస్ పుట్టి డ్రమ్ము మెల్లగా పైకి లేచింది.

బావ వెనక్కి జరిగి, "లోపల ఎవరున్నరు?" అన్నాడు.

పొయ్యి వెలిగిన రోజు నుంచి కొత్త పరేషాన్ మొదలైంది. మా అక్క రాధమ్మను బావ వంటింట్లో అడుగు పెట్టనివ్వలేదు. తలుపు దగ్గరేసుకుని తానే వండేవాడు. అన్నం అడుగున మాడేది, పైన పలుకుగా ఉండేది. చారు ఏదో, కూర ఏదో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

ఊరు నవ్వింది. "పెండ్లాం గ్యాసు పక్కింటోళ్లకు ఇస్తదని అనుమానమేమో" అంది పొరుగింటి ఆగమ్మ. ఆ మాటకు అక్క నొచ్చుకుంది. భర్తతో మాటలు తగ్గించింది.

ఒక ఆదివారం నేను నిలదీశాను. "అక్క మీద గూడ అనుమానమేనా బావా?"

బావ పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"దాని మీద నాకెందుకు అనుమానం? గీ పొయ్యి మీద. వానకాలం ఎల్లేదాక సూస్త. పేలితే నా మీదనే పేలాలె. దానికి మోకాళ్లు గుంజుతయి, జల్దీ ఉరుకలేదు."

తలుపు అవతల ఉన్న అక్క అంతా విన్నది. లోపలికొచ్చి ఆయన చేతిలోంచి గరిటె లాక్కుంది.

"గ్యాసు పేలితే ఒక్కసారి సస్తం. నీ కూరతోని రోజూ సస్తున్నం. జెర జరుగు."

బావ జరిగాడు. గడప మాత్రం దాటలేదు. ఆమె వండినంతసేపూ నిండు నీళ్ల బకెట్టు రెండు చేతులా పట్టుకుని, పొయ్యికేసి గుర్రుగా చూస్తూ అక్కడే నిలబడ్డాడు.