ఎడమ సీటులో లవోన్

డెల్బర్ట్ హవ్లిక్ గుండెలో డాక్టర్లు స్టెంట్ వేసి ఇంటికి పంపిన కొన్నాళ్లకే, ప్రభుత్వం వారు ఆయన విమానం నడిపే అర్హతను రద్దు చేశారు. ట్రాక్టరు నడపొచ్చు, ట్రక్కు నడపొచ్చు, ఎల్క్ ఫోర్క్ ఊరందరి మీదా పెత్తనం నడపొచ్చు. విమానం మాత్రం కూడదన్నారు. నెబ్రాస్కా మొత్తంలో ఇంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదని ఆయన నమ్మకం.

అలాగని ఆయన కుంగిపోయే రకం కాదు. డాక్టర్లు చెప్పిన పథ్యం తింటూనే ఉపాయం కనిపెట్టాడు.

"లవోన్, నువ్వు లైసెన్సు తెచ్చుకో. పక్కన కూర్చో చాలు. నడపడం నేను చూసుకుంటా. లైసెన్సు నీది, విమానం నాది. ఎవడేమంటాడో చూద్దాం."

తన భార్య ఇన్నేళ్లకు ఒక పనికొచ్చిందని ఆయన నిజంగానే సంతోషించాడు. లవోన్ బడి వంటశాలలో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. పెళ్లయినప్పటి నుంచీ ఆ నాలుగు సీట్ల విమానంలో కుడివైపు కూర్చుని, ఒళ్లో మ్యాపు పెట్టుకుని, ఆయన దారి తప్పిన ప్రతిసారీ తప్పు మ్యాపుదేనని ఒప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడూ సరేనంది.

అక్కడే డెల్బర్ట్ లెక్క తప్పింది. ఆమెకు విమానం నడపడం నచ్చింది. మామూలుగా నచ్చడం కాదు, పిచ్చిగా నచ్చింది. చక్రాలు నేల వదిలిన ఆ క్షణంలో తనకు వయసూ మోకాళ్ల నొప్పీ రెండూ ఉన్నట్టు గుర్తుండేది కాదు. కొందరు ఆడవాళ్లు విస్కీ సీసాను బీరువాలో దాచినట్టు ఈ సంగతిని ఆమె మొగుడి దగ్గర దాచింది. ఎడమ సీటు, అంటే విమానం నడిపేవాళ్ల సీటు, ఇక నాదేనని ఆయనతో చెప్పాలి. ఆ మాట ప్రతి ఉదయం గొంతుదాకా వచ్చేది, కాఫీతో పాటు మళ్లీ లోపలికి పోయేది. లైసెన్సు కోసం ఒంటరిగా చేయాల్సిన దూరప్రయాణం సవ్యంగా ముగిస్తే ధైర్యం దానంతటదే వస్తుందనుకుంది. అది చెడితే మాత్రం బతికినన్నాళ్లూ కుడి సీటే.

ఆ రోజు అక్టోబరులో వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ కిప్ కుర్రాడే అయినా మాటలో ఖచ్చితం.

"ప్లమ్ క్రాసింగ్ వెళ్లి, భోంచేసి వచ్చేయండి. గీసిచ్చిన దారి తప్ప ఇంకో దారి వద్దు. చీకటి పడేలోపు ఇక్కడుండాలి. లేకపోతే ఇది లెక్కలోకి రాదు, మళ్లీ మొదట్నుంచీ చేయాల్సిందే."

ఎల్క్ ఫోర్క్‌లో విమానాల షెడ్డు ముందు బెంచీ ఉంది. విమానం నడపడం మానేసినవాళ్లూ, మాన్పించబడినవాళ్లూ దాని మీద కూర్చుని నీళ్ల కాఫీ తాగుతూ, దిగే ప్రతి విమానానికీ మార్కులు వేస్తుంటారు. ఆ సభకు డెల్బర్ట్ అధ్యక్షుడు. గాలి గురించి, మబ్బు గురించి, ప్లమ్ క్రాసింగ్ హోటల్లో పళ్లెం పరిమాణం గురించి కూడా ఆమెకు సలహాలిచ్చాడు. నోరు నొప్పి పుట్టాక వదిలాడు.

వెళ్లడం హాయిగా జరిగింది. ప్లమ్ క్రాసింగ్‌లో దిగితే, ఆ చిన్న విమానాశ్రయాన్ని చూసుకునే ఆర్లిస్ అనే ఆవిడ కిటికీలోంచే చెయ్యి ఊపింది. గోడ మేకుకు కారు తాళం వేలాడుతోంది. ఇలాంటి చోట్లన్నిటా అదే పద్ధతి. ఆకాశంలోంచి దిగినవాడు ఎవడైనా సరే ఆ కారు వేసుకుని ఊళ్లోకి వెళ్లొచ్చు. పేరూ అడగరు, ఊరూ అడగరు. పెట్రోలు పోయించి, తాళం మేకుకు తగిలించి పోవాలి, అంతే. ఇక్కడి కారు పోలీసులు వాడి పారేసింది. దాంట్లో వెళ్తుంటే ఊళ్లోని ట్రక్కులన్నీ ఒక్కసారిగా మర్యాదగా నడిచాయి. లవోన్ చిల్లీ అనే మాంసం కూర, దాంతో ఇక్కడివాళ్లు తినే తియ్యటి సినమన్ రోల్ తింది. పెట్రోలు పోయించింది. విమానమెక్కి బయల్దేరింది.

ఊరు దాటాక, పిప్పరమెంటు కోసం జేబులో చెయ్యి పెట్టింది. ఆవు చెవికి తగిలించే పసుపు బిళ్ల చేతికి తగిలింది. దాని చివర కారు తాళం.

సరిగ్గా అప్పుడే రేడియోలో ఆర్లిస్ గొంతు.

"మా కారు తాళం జేబులో వేసుకుపోయిన మహానుభావులు వింటున్నారా? ఇక్కడో పెద్దాయన ఇప్పుడే దిగాడు. వాళ్లావిడ ఊళ్లో ఆస్పత్రిలో ఉంది. రెండో తాళం పోయినసారి ఇంకో మహానుభావుడు తీసుకుపోయాడు."

లవోన్ పడమర చూసింది. పొద్దు ఇంకా ఉంది గానీ, ఉదారంగా లేదు. వెనక్కి తిరిగితే కిప్ గీసిన దారి తప్పినట్టు. తిరగకపోతే ఆ ముసలాయన సంగతి? ఇన్ని నెలల చదువూ, ఎడమ సీటూ ఒక పసుపు బిళ్లకు బలైపోతాయని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పెట్రోలు ముల్లు చూసుకుంది. విమానాన్ని తిప్పింది.

మళ్లీ దిగి తాళం పెద్దాయన చేతిలో పెడితే ఆయన థాంక్స్ కూడా చెప్పకుండా కారు వైపు దాదాపు పరుగెత్తాడు. అదే నయమనిపించింది. కిప్‌కు ఫోన్ చేసింది.

"పెట్రోలెంతుంది? గాలి ఎటుంది? వెలుతురుండగా రాగలరా?" కిప్ అడిగినవి ఇవే. అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంది.

"అయితే వచ్చేయండి. దారి మార్చిన కారణం నేను రాసుకుంటాను."

ఫోనులో కిప్ వెనకనుంచి డెల్బర్ట్ కేకలు. "తాళం కోసం వెనక్కెళ్తారటే ఎవరైనా? పోస్టులో పడేస్తే చాలదూ! నేను ఎన్నిసార్లు అలా పంపలేదూ!"

ఆ చివరి ముక్క బెంచీ మొత్తం వింది.

ఎల్క్ ఫోర్క్ చేరేసరికి గాలి అడ్డంగా కొడుతోంది. షెడ్డులోని రేడియో మైకు డెల్బర్ట్ చేతికి చిక్కింది.

"లవోన్, ముక్కు దించు! అంత కాదు! ఎడమకి, ఎడమకి! దేవుడా, నా విమానం!"

ఆమె మైకు నొక్కింది. "ఎల్క్ ఫోర్క్‌లో మాట్లాడుతున్న ఆ గృహస్థు ఎవరో గానీ, కాసేపు నోరు మూసుకుంటే నేను దిగుతాను."

రేడియో మూగబోయింది. విమానం ఒకసారి చిన్నగా ఎగిరిపడి, నేలను పట్టుకుని నిలబడింది. బెంచీ గొణుక్కుంటూనే మంచి మార్కులు వేసింది. పొద్దు అప్పుడే గుంకుతోంది. ప్రయాణం లెక్కలోకి వచ్చిందని కిప్ అన్నాడు. డెల్బర్ట్ మాత్రం చక్రాలు అరిగాయేమోనని వంగి చూశాడు.

నవంబరులో ఆమె పరీక్ష పాసయింది. ఆ ఆదివారమే ఆయన టోపీ, నల్లద్దాలు పెట్టుకుని, ఆమె కంటే ముందే వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. బెంచీ అంతా అటే చూస్తోంది. లవోన్ తలుపు తీసి నిలబడింది.

"దిగు."

"ఏంటీ?"

"అది నా సీటు, డెల్బర్ట్. దిగు."

"విమానం నాదే!"

"నీదే. కాదన్నదెవరు? అందుకే కదా నిన్ను కూడా ఎక్కించుకుంటున్నా."

ఆయన బెంచీ వైపు చూశాడు. అక్కడందరికీ ఉన్నట్టుండి కాఫీ కప్పుల్లో పని పడింది. డెల్బర్ట్ దిగాడు. విమానం తోక వెనకగా చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరికి మెల్లగా నడిచాడు. ఆ నడక చూసి లవోన్‌కు జాలేసింది, నిజంగానే వేసింది. కానీ వెనక్కి పిలవలేదు. ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, ఆయన ఎక్కేదాకా ఆగింది.