ఆగిన రక్తాన్ని నమ్మని రాజమ్మ గారు

వేడి ఉప్పునీళ్లలో ముంచి పిండిన గాజుగుడ్డ వాసన తగిలితే ఈనాటికీ నా భుజాలు బిగుసుకుంటాయి. రాజమ్మ గారు పక్కనే నిలబడి నేను వేసిన ముడిని అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది. అరవైల్లో అనంతపురం వైపు ఒక ఆసుపత్రిలో ఆవిడ పెద్ద సర్జన్, నేను కొత్తగా చేరిన సహాయ డాక్టర్ని. ఆవిడ దేన్నీ నమ్మేవారు కాదు. మరిగించిన సూదిని మళ్లీ మరిగించమనేవారు. నేను బాగుందన్న ప్రతిదానికీ "ఎట్ల తెలుసప్పా?" అనేవారు. అది నా మీద అపనమ్మకమనుకుని నొచ్చుకునేవాణ్ణి.

ఒకసారి యాడికి అనే ఊరి నుంచి హుసేనప్ప వచ్చాడు. బండిచక్రాలు చేసే మనిషి. కళ్లు పచ్చగా, ఒళ్లంతా గోక్కున్న పుండ్లు. కామెర్లకని పసర్లు తాగి తాగి చివరికి మా దగ్గరకు చేరాడు. కడుపు తెరిస్తే క్లోమం తల దగ్గర రాయిలాంటి గడ్డ. తీయవచ్చనే అనిపించింది. దాన్ని వెనకున్న పెద్ద సిర నుంచి విడదీస్తుండగా సిర చినిగింది. నల్లటి రక్తం ఊటలా ఎగదన్నింది. నేను సిరను నొక్కిపట్టే క్లాంపు అందుకోబోయాను.

"అది వద్దు! కనపడకుండా పట్టుకుంటే చిరుగు పెద్దదైతాది. వేలితో అదిమి పట్టు. కదలొద్దు."

రక్తం ఎక్కించేదాకా అలాగే ఉంచారు. నా వేలు తిమ్మిరెక్కింది. తర్వాత ఆ వేలిని కొద్దికొద్దిగా జరిపిస్తూ సన్నని పట్టుదారంతో చిరుగు కుట్టారు. గడ్డ సిరను కరుచుకుని ఉంది. దాన్ని తీయడం మానేసి, కామెర్లు దిగడానికి పిత్తాశయాన్ని పేగుకు కలిపారు. మత్తు డాక్టరు "రక్తం ఆగింది, మూసేయండమ్మా" అన్నాడు.

"బి.పి. పడిపోతే రక్తం ఆగినట్టే నటిస్తాది. లేవనీ, చూస్తాం."

నాకు లోలోపల చిరాకు. బి.పి. లేచింది. పేగు వెనక నుంచి సన్నని ధమని ఒకటి ఎర్రగా చిమ్మింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. దాన్ని కట్టి, మళ్లీ ఎదురుచూశారు.

బయట హుసేనప్ప కొడుకు మస్తాన్ నిలబడి ఉన్నాడు. "గడ్డ యాడుండాది? చూపీండి."

"తీయలేదప్పా. తీయబోతే నా చేతిలోనే పెద్దనరం చినిగింది. కుట్టినా. కామెర్లు తగ్గుతాయి, రోగం తగ్గదు."

"తీసేది రాకనే కోసినారా? మా నాయన మీద నేర్చుకున్నారా?"

నేను కోపంగా కదిలాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "తీయగలననుకునే కోసినా. లోపల చూసినాకే తెలిసింది."

మస్తాన్ నమ్మలేదు. మంచం పక్కన కాపలా కూర్చుని ప్రతి సూదిమందుకూ "ఇదేంది?" అనేవాడు. ఆవిడ ప్రతిసారీ చెప్పేవారు. హుసేనప్ప కళ్లు తెల్లబడ్డాయి. దురద పోయి కంటినిండా నిద్రపోయాడు. ఇంటికి వెళ్లి కొన్నాళ్లు చక్రాలు కూడా చేశాడు. శనగకాయలు పీకే కాలంలో మస్తాన్ ఒక్కడే వచ్చాడు.

"పోయినాడమ్మా. నాకింకా అనుమానమే."

"కూచో. అడుగు."

చినిగిన సిరతో సహా ఆవిడ అంతా మొదటి నుంచి చెప్పారు. అతను తల ఊపకుండానే విని వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు చెబుతారమ్మా అన్నాను నేను.

"మనం ఆగిన రక్తాన్నే నమ్మం. ఆయప్ప మనల్ని ఎందుకు నమ్మాల?"

ఇప్పటికీ కడుపు మూసేముందు ఆగి చూస్తాను. చాలాసార్లు ఏమీ కారదు. బయటికొచ్చి, ఏదైనా చినిగితే నేనే ముందు చెబుతాను. వాళ్ల కళ్లలో అనుమానం లేస్తుంది. వాళ్లు అడగడం అయ్యేదాకా అక్కడే నిలబడతాను.