సోఫా కొట్లో కుట్టించిన కణం

ఆ బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ ఏడు అది ముక్కు దిగనేలేదు.

జంతుకణం పాఠం మొదలైంది. ఎప్పటిలాగే బోర్డు మీద బొమ్మ గీసి, కర్రతో చూపిస్తూ, "ఇదిగో, ఇది కేంద్రకం. కణంలో జరిగే పనులు దీని అదుపులో ఉంటాయి" అంది. ముందు బల్ల మీది కొత్తమ్మాయి చెయ్యెత్తింది. పుట్టుకతోనే చూపు లేని పిల్ల.

"ఇది అంటే ఏది టీచర్?"

క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ పిల్లల మీద కేకలేసింది గానీ, ఆమెకు ఒళ్లు మండింది తన మీదే.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తే, "నాలుగుసార్లు చదివి వినిపించండి, అదే బట్టీ పడుతుంది" అని చేతులు దులుపుకున్నాడు. పిల్ల తడిమి తెలుసుకునేలా తనే మట్టితో ఒక కణం చేసి చూసింది. ఎండి బీటలు వారింది. ఇక గత్యంతరం లేక మరిది కొట్టుకు వెళ్లింది. అతనిది సోఫాలకు గుడ్డ వేసే పని. మంచి పనిమంతుడే, చెప్పింది చెవికెక్కించుకోడు, అంతే తేడా.

కొన్నాళ్లకు అతను చేసి పెట్టింది చూసి ఆమె నెత్తి పట్టుకుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించిన పెట్టె. లోపల ఆకుపచ్చ మఖమల్ ఉండలు.

"చట్రం ఎవరు పెట్టమన్నారయ్యా?"

"అది లేకపోతే నిలబడదు కదా వదినా."

"నిలబడక్కర్లేదు! గట్టి గోడ ఉండేది మొక్క కణానికి. దీనికి పైన పల్చటి పొర ఒక్కటే. ఈ ఆకుపచ్చవేంటి?"

"అందంగా ఉంటాయని."

"అవీ మొక్కలవే! జంతువుని అడిగితే చెట్టుని ఇచ్చావు!"

ఇంట్లో చెప్పుకుంటే మొగుడు తమ్ముడినే వెనకేసుకొచ్చాడు. "వాడు పని మానుకుని మరీ చేస్తున్నాడు. కాస్త నెమ్మదిగా చెప్పరాదూ?" గోడకు చెప్పుకున్నా నయం అనుకుందామె.

రెండోసారి చట్రం తీసేశాడు. మైటోకాండ్రియా అని చెప్పి ఉత్త స్పాంజి ముక్కలు కుట్టి పెట్టాడు.

"కణానికి కావలసిన శక్తి చాలావరకు తయారయ్యేది ఇందులోనే. లోపలి పొర మడతలు మడతలుగా ఉండాలి."

"లోపల ఎవరికీ కనపడని దానికి మడతలెందుకు?"

"ఆ పొర మీదే పని జరుగుతుంది కనక. ఇంత చిన్న సంచిలో బారెడు గుడ్డ పట్టించాలంటే ఏం చేస్తావు?"

"కుచ్చిళ్లు పెడతా."

"హమ్మయ్య! అదే పెట్టు."

మొదటిసారి అతను ఎదురు చెప్పకుండా సూది అందుకున్నాడు.

క్లాసులో ఆ పిల్ల గుడ్డ కణం జిప్పు తీసి లోపలికి చెయ్యి పోనిచ్చింది. అంతర్జీవద్రవ్య జాలకంగా పెట్టిన రిబ్బను మడతల మీద కుట్టిన పూసలు వేళ్లకు తగిలితే, అవి ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములని చెప్పింది టీచరమ్మ. దొంతరగా పేర్చిన మెత్తలు ఆ ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ. గుండీలు చెత్తను అరిగించే లైసోజోములు. పిల్ల అన్నీ తడిమి, జిప్పు మూసి, పైనంతా నిమిరింది.

"టీచర్, దీనికి ఎక్కడా సందు లేదు. మరి కావలసినవి లోపలికి ఎట్లా వస్తాయి?"

టీచరమ్మ నాలుక కరుచుకుంది. కావలసినవాటిని రానిచ్చి, అక్కర్లేనివాటిని ఆపడమే ఆ పొర అసలు పని. చిరిగిపోకూడదని దానికి మందపాటి రెక్సిన్ వేయమన్నది సాక్షాత్తూ తనే.

"మళ్లీనా వదినా!" మరిది కత్తెర బల్ల మీద విసిరాడు. "కణం కుట్టమన్నావా, నా ప్రాణం తీయమన్నావా?"

ఈసారి గొంతు పెంచడానికి ఆమెకు మొహం చెల్లలేదు. అతను తిట్టుకుంటూ రెక్సిన్ విప్పి, సాగే జాలీగుడ్డ వేస్తుంటే, పక్కన కూర్చుని అంచు పట్టుకుంది. పూసలు పోసి చూస్తే చిన్నవి దూరాయి, పెద్దవి ఆగాయి.

పరీక్షలో ఆ పాఠమే వచ్చింది. ఆ పిల్ల చెబుతుంటే రాయడానికి కింది క్లాసమ్మాయిని కూర్చోబెట్టారు. బయటికొచ్చాక టీచరమ్మ ఆత్రంగా అడిగింది, "అన్నీ చెప్పావా?"

"అన్నీ వచ్చు టీచర్. కానీ ఆ అమ్మాయికి అంతర్జీవద్రవ్య జాలకం రాయడం రాలేదు. ఒక్కొక్క అక్షరమే చెప్పేసరికి గంట కొట్టేశారు."

"నా తల్లే!" అంటూ టీచరమ్మ కళ్లజోడు తీసి మొహం రుద్దుకుంది. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని, ఈ పిల్లకు ఎక్కువ సమయం ఎందుకివ్వరో తేల్చుకుందామని హెడ్మాస్టరు గదివైపు విసవిసా నడిచింది.