పోలయ్యన్న రాని ఆట

తడి వలల వాసన తగిలితే ఇప్పటికీ నాకు స్థిమితం ఉండదు.

అరవైల్లో, మైపాడు దగ్గర మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టేది పోలయ్యన్న ఒక్కడే. పొరుగూరితో పోటీ నాడు అతను చేపల వేటకు వెళ్లి వేళకు తిరిగి రాలేదు. ఆడుతున్నంతసేపూ అందరి చూపూ సముద్రం వైపే. ఖాళీ గోల్ ముందు బంతి దొరికినా మా అన్న కొట్టలేదు, అందించడానికి పోలయ్యన్న కోసం వెతికాడు. ఓడిపోయాం.

చీకటి పడుతుండగా పడవ ఒడ్డుకు చేరింది. తాడు ఒరుసుకుని పోలయ్యన్న అరచేతులు నెత్తురోడుతున్నాయి.

"నువ్వు రాకనే ఓడిపోయినాం," అన్నాడు అన్న.

"గాలి ఎదురు తిరిగిందిరా. నువ్వే కొట్టుండొచ్చు గదా?"

సాకులు చెబుతున్నాడనుకున్నాను. వాళ్లమ్మ మాత్రం ఏమీ అడక్కుండా పైటచెంగు చింపి అతని చేతులకు కట్టింది.

ఆ రోజు ఒడ్డున మేమంతా గోల్ కోసం ఎదురుచూశాం. మనిషి కోసం చూసింది ఆమె ఒక్కతే.