మా అరుగు స్తంభాలు చిగురించిన వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే ఏడాదిలో, ఒకే బుర్రతో, అదీ నా బుర్రతో తలపెడితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. నేను చెబుతాను వినండి. నా చేతుల మీదుగా లేచిన కట్టడాన్ని మనుషుల కంటే ముందు మేకలు మెచ్చుకున్నాయి. మాటలతో కాదు, పళ్లతో.

అప్పుడు మాది బస్తరు సంస్థానం. శబరి ఒడ్డున కుంటలో మా నాయనకు అడవి సరుకుల దుకాణం. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ బస్తాల మధ్యే నేను పుట్టి పెరిగాను. పిడికెడు కరక్కాయలు చేతిలో పోస్తే ఏ సంతలో కొన్నవో చెప్పేవాణ్ణి. అదే కరక్కాయ చెట్టు ఎదురొచ్చి పలకరిస్తే ఎవరు మీరు అని అడిగేవాణ్ణి. చెట్లన్నీ నాకు బస్తాల్లోనే పరిచయం. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

రాజమండ్రిలో మేనమామ ఇంట్లో ఉండి కొన్నాళ్లు చదివాను. పరీక్ష తప్పాను గానీ, పక్కింటి కాంట్రాక్టరు అరుగు మీద కూర్చుని వాస్తుశిల్పం గురించి బోలెడు మాటలు పోగుచేసుకున్నాను. కుంట తిరిగొచ్చాక వాటిని రాజమండ్రి యాసలో ఇంటిల్లిపాదికీ వడ్డించేవాణ్ణి. అంతవరకు 'నాయనా' అన్నవాణ్ణి 'నాన్నగారూ' అనడం కూడా అప్పుడే మొదలైంది.

"వాస్తుశిల్పమంటే గోడలు కాదండీ నాన్నగారూ, గోడల మధ్య ఉండే ఖాళీ!"

"ఖాళీయే గావాలంటే ఇల్లెందుకురా? బయటంత ఖాళీయే గదా," అని నాయన తక్కెడ అందుకునేవాడు.

ఓపికగా వినేది మా నాయనమ్మ ఒక్కతే. చింతగింజలు కొట్టుకుంటూ ఊకొట్టేది.

"ఆదిలో మనిషి చెట్టు కింద తలదాచుకున్నాడు నాయనమ్మా. తర్వాత చెట్టు కొట్టి గుంజ పాతాడు. ఆ గుంజను చూసి రాతి స్తంభం చెక్కాడు. చెట్టు, గుంజ, రాయి. కళ అలా మెట్టుమెట్టుగా ఎదిగింది!"

"రాయి తర్వాత ఏందిరా?"

"రాయి తర్వాత ఇంకేముంటుంది? అక్కడితో సంపూర్ణం!"

"అట్లనా," అని మరో గింజ కొట్టేది.

ఆ రోజుల్లోనే భద్రాచలం నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుభద్ర. అంతకుముందే బంధువుల పెళ్లిలో ఆమెను చూశాను. నా విస్తట్లో పులిహోర వడ్డించబోయి సగం నా ఒళ్లో వడ్డించి, నవ్వాపుకోలేక పారిపోయింది. ఆ మరకను నేను చాలారోజులు ఉతకనివ్వలేదంటే నా పరిస్థితి మీకే అర్థమవుతుంది. చేసుకుంటే ఆమెనే చేసుకోవాలి. కానీ ఆమె తండ్రి రామలింగంగారు ఒక మెలిక పెట్టారు.

"పిలగాడు మంచోడే. గాని కుంటంటే అడివి గదా! నా బిడ్డను ఇంటికి పంపుత గాని అడివికి పంప. శ్రావణంల వచ్చి ఇల్లు చూసుకుని మాట చెప్త."

మాదేమో తడికల గోడలకు మట్టి మెత్తిన ఇల్లు. చూరు కిందికి ఉండడంతో లోపలికి వెళ్లేవాళ్లు ఇంటికి దండం పెట్టినట్టే వంగాలి. ముందు వైపు ఎత్తుగా అరుగు కట్టి, ఆరు తెల్లటి గుండ్రని స్తంభాలు నిలబెడితే అడవి అన్నమాట రామలింగంగారి నోట రాదని తీర్మానించాను. "అరుగు నీ ఇష్టం. గోదాం జోలికి మాత్రం రాకు," అని చెప్పి, నాయన ఇప్పపువ్వు కొనడానికి దోర్నపాల్ వెళ్లాడు.

రాయి దొరకదు. టేకు కొట్టాలంటే సంస్థానం వారి అనుమతి చీటీ, అదే పరవానా, తెచ్చుకోవాలి. అంతవరకు ఆగే ఓపిక నాకెక్కడిది? అప్పుడు అడవిలో కంటబడింది గుంపెన చెట్టు. నిటారుగా, లావుగా, నున్నగా స్తంభం కావడానికే పుట్టినట్టుంది. పచ్చి దుంగలు ఆరు కొట్టించి తెప్పించాను. మా పెరటి కంచె గుంజలు కూడా గుంపెనవేనండీ! అవి ఏటా తొలకరికి ఆకులేసి పచ్చగా ఊగేవి. వాటిని చూస్తూనే నేను రోజూ పళ్లు తోముకునేవాణ్ణి. కళ్లు తోముకోవాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మా వైపు గుంజ పాతే ముందు కర్రను ఎండబెట్టి, మొదలు కాల్చి నల్లగా చేస్తారు. నేనది మోటుపని అన్నాను. రాజమండ్రి నుంచి నేనే రప్పించిన గవర్రాజు మేస్త్రి దానికి చేతులు కట్టుకుని తలూపాడు.

"తమరెలాగంటే అలాగేనండి బాబూ! కళ తెలిసినోరు!"

బెరడుతో సహా దుంగలు గోతుల్లో దించి, కొబ్బరితాడు చుట్టి, పైన సున్నం మెత్తి అద్దంలా మెరుగుపెట్టాడు. నాయన తిరిగొచ్చి ఒక స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు.

"రాయేనారా?"

"రాయి లాంటిదేనండీ నాన్నగారూ."

తొలకరి పడింది. ఒక స్తంభం బీటలిచ్చింది. "సున్నానికి పడిశం పట్టిందండి," అని మేస్త్రి పూత పూసి, కూలి తీసుకుని రాజమండ్రి బండెక్కాడు. మర్నాడు ఆ బీటలోంచి ఎర్రటి చిగురొకటి బయటికి వచ్చి నన్ను వెక్కిరించింది. గిల్లేశాను. ఆ మర్నాడు రెండు వచ్చాయి. వారం తిరిగేసరికి మిగతా స్తంభాలూ అదే దారి పట్టాయి. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ స్తంభాలకు ఆకులుంటాయని ఎవరూ చెప్పలేదే! నాయన లేవకముందే రోజూ ఆరు స్తంభాలకూ క్షవరం చేయడం నా పనైపోయింది. నా గడ్డం సంగతి మరిచిపోయాను.

"పొద్దుగాలనే స్తంభానికి పేలు చూస్తున్నవేందిరా?" అని అడిగింది నాయనమ్మ.

"దుమ్ము దులుపుతున్నా."

శ్రావణం వచ్చేసరికి నాకు చలిజ్వరం తగిలి మంచం పట్టాను. లేచి బయటికొచ్చి చూద్దును కదా, మా అరుగు నిండా ఆకులు గలగలలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే కబురు వచ్చింది, రామలింగంగారు, ఆయన అక్కగారు శబరి దాటి పడవ దిగారని.

గిల్లే వ్యవధి లేదు. పరుగున మామిడాకులు తెచ్చి, తాళ్లకు గుచ్చి, ఆ చిగుళ్ల మధ్య అడ్డదిడ్డంగా కట్టేశాను. ఏది తోరణమో ఏది కొమ్మో నాకే తెలియకుండా పోయింది. వారంగా సంతలు తిరిగి అప్పుడే ఇల్లు చేరిన నాయన, ఇన్నాళ్లకు నా కొడుక్కి ఇంగితం వచ్చిందని మురిసిపోయాడు.

రామలింగంగారు అరుగెక్కి, మజ్జిగ గ్లాసు అందుకుని, తల తిప్పి తిప్పి చూశారు.

"ఇల్లంటే ఇట్లుండాలె బావగారూ! ఉత్తగనే అడివి అడివి అనుకున్నం."

ఆ మాటతో నా పెళ్లి ముప్పాతిక అయిపోయింది. మిగతా పాతిక పూర్తవుతున్న వేళ, వాన తెరిపిచ్చి పక్కింటి మేకలు వచ్చాయి. ఒకటి ముందుకాళ్లు స్తంభానికి ఆనించి తోరణం అందుకుంది. మర్యాదస్తుడు కదా, రామలింగంగారు లేచారు.

"హుష్! శుభమా అని కట్టిన తోరణం తింటున్నదే!" అంటూ రెండో కొస పట్టుకుని లాగారు. మేకా లాగింది. ఆయన ఇంకా గట్టిగా లాగారు. తోరణం రాలేదు. సున్నం పెళ్ల వచ్చింది. వచ్చి తిన్నగా అక్కగారి మజ్జిగలో పడింది. పెళ్ల ఊడిన చోట తడితడిగా బెరడు, దాని మీద పచ్చటి కొమ్మ.

"ఇదేందయ్యా? రాయికి కొమ్మేంది?" అన్నారు రామలింగంగారు.

నాయన నా వైపు తిరిగాడు. నా రాజమండ్రి యాస ఏ గోదాట్లో కలిసిందో కలిసింది.

"అది... గుంపెన గుంజ నాయనా."

"కంచె గుంజనా! ఇంటికి కంచె గుంజలు పాతినవా!"

అప్పుడు గుమ్మంలోంచి నాయనమ్మ గొంతు తీరిగ్గా వినిపించింది. "రాయి తర్వాత ఏందిరా అంటే చెప్పకపోతివి. మళ్ల చెట్టేనన్నమాట!"

రామలింగంగారు కండువా దులుపుకున్నారు. "బిడ్డను అడివికి పంపనంటే, నువ్వు అడివినే ఇంట్లకు తోలుకొచ్చినవు గదయ్యా!" అని రేవు వైపు నడిచారు. అక్కగారు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఆయన వెనకే వెళ్లారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నాకైతే నిజంగానే ఏడుపొచ్చింది. సుభద్ర ఇక నాకు లేదనుకుని అరుగు మీద కూలబడ్డాను.

"కూసున్నది చాలు గాని మేకల్ని తోలురా. లేకుంటే ఇల్లు అయిపోతది," అన్నాడు నాయన.

తర్వాత భద్రాచలంలో జరిగింది సుభద్ర చెప్పగా విన్నదే. రామలింగంగారు కోపంగా ఇంటికెళ్లి, భోజనాల దగ్గర అంతా వివరించారట. ఆయన మరిచిన చోట అక్కగారు మేకలా లాగి చూపించారట. సుభద్ర నవ్వి నవ్వి పొలమారితే నెత్తి మీద తట్టాల్సి వచ్చిందట. చివరికి మేకతో తాను పెనుగులాడిన ఘట్టం దగ్గర రామలింగంగారికే నవ్వు ఆగలేదట.

"నాయినా, ఆ ఇల్లు నేను జూడాలె," అందట సుభద్ర.

"చూసి వచ్చేటందుకు అది తీర్థమా? పోతే అక్కడనే ఉండాలె."

"ఉంట."

మాఘంలో మా పెళ్లి జరిగింది. పరవానా తెచ్చి ఐదు స్తంభాలకు టేకు వేయించాడు నాయన. ఆరోదాన్ని ముట్టుకోనివ్వలేదు సుభద్ర. దాని కొమ్మ పెంకుల్ని తోసుకుని పైకి పోయింది. వానాకాలంలో అక్కడ నీళ్లు కారతాయి. ఆమె కింద బిందె పెడుతుంది గానీ కొమ్మ కొట్టనివ్వదు. మా పిల్లలు నలుగురూ దాని నీడలోనే దోగాడారు.

కాబట్టి పాఠకులారా, పంచభూతాల సాక్షిగా, మా పెరటి కంచె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ స్తంభం నిలబెట్టను. వాస్తుశిల్పం ఎలా ఎదిగిందో ఎవరికీ బోధించను. నేల మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టు వేద్దామని వంగాను. సుభద్ర గబగబా వచ్చి నా చెయ్యి పట్టి లేపింది.

"ఒట్టు నిలబడే పెట్టుకోండి. మీరు నేలకు తాకించింది ఏదైనా సరే మొలుస్తది."